రొయ్యల చెరువు షీటుతో డ్రిల్లింగ్ వేస్ట్ పిట్ కట్టొచ్చా? డెల్టాలో దొరికే లైనింగ్ సరుకు, పనితనం మీద రివ్యూ

భీమవరం, అమలాపురం, కాకినాడ చుట్టుపక్కల హెచ్‌డీపీఈ (నీరు ఇంకని గట్టి ప్లాస్టిక్) షీటు అమ్మే షాపులకు కొదవ లేదు. వనామీ రొయ్యల చెరువుల పుణ్యమా అని షీటు పరిచి అతికే ముఠాలూ బాగానే తయారయ్యాయి. అదే షాపును అడిగితే గ్యాస్ బావి దగ్గర డ్రిల్లింగ్ బురద పోసే పిట్‌కూ, ఫ్యాక్టరీ బూడిద గుంతకూ, ఎక్కడో గనిలో టెయిలింగ్స్ (ఖనిజం తీశాక మిగిలే బురద) చెరువుకూ కొటేషన్ ఇచ్చేస్తారు. ఈ రివ్యూ ఆ సరుకు మీద, ఆ పనితనం మీద. ఏ షాపు పేరూ రాయడం లేదు. సరుకూ పద్ధతీ అందరి దగ్గరా కాస్త అటూ ఇటూగా ఒకటే.

ముందే చెప్పేస్తాం. షీటు బాగుంది, సరైనది అడిగి తెప్పించుకుంటే. పనితనం చెరువుకు సరిపోతుంది, పిట్‌కు సరిపోదు. చెరువు కారితే రెండో రోజుకల్లా మట్టం దిగుతుంది, రైతు షాపుకి ఫోన్ చేస్తాడు, ముఠా వచ్చి అతుకు వేసి పోతుంది. పంట తీశాక ఎండగట్టి చూసుకునే వీలూ ఉంది. పిట్‌లో బురద పోశాక అడుగు మళ్లీ ఎవరికీ కనపడదు. పైన వాన పడుతుంటుంది, ఎండకు ఆవిరవుతుంటుంది, మట్టం చూసి కారుతోందో లేదో చెప్పలేం. పక్క చేలో బోరు నీరు ఉప్పగా మారాక గానీ సంగతి బయటపడదు.

అసలు ఆ బురదలో ఏముంటుంది? బెంటొనైట్ (నీటికి ఉబ్బే బంకమట్టి), బరువు కోసం బెరైటీస్ (మన రాయలసీమ మంగంపేట ముగ్గురాయే), పొటాషియం క్లోరైడ్, కొన్ని పాలిమర్లు, బావిలోంచి వచ్చిన రాతి పొడి. 2005లో కేంద్రం ఇచ్చిన నిబంధనల ప్రకారం నేల మీద తవ్వే బావులకు నీటి ఆధారిత బురదే వాడాలి, డీజిల్ బురద నిషేధం. బెరైటీస్‌లో పాదరసం కిలోకి 1 మిల్లీగ్రాము, కాడ్మియం 3 మిల్లీగ్రాములు దాటకూడదు. కడిగిన రాతి పొడిని, పనికిరాని బురదను నీరు ఇంకని లైనర్ వేసిన గుంతలోనే పారేయాలి, బురదలోంచి దిగే నీరు పోగయ్యి బయటికి తోడుకునే ఏర్పాటూ ఉండాలి. హెచ్‌డీపీఈకి ఉప్పుతోనూ క్షారంతోనూ పేచీ లేదు. డీజిల్ లాంటి నూనెలకు మాత్రం ఉబ్బి మెత్తబడుతుంది. కోనసీమలో మొదట భయపడాల్సింది క్లోరైడ్‌కే. అది మట్టికి అంటుకోదు, నీటితో పాటే నడుస్తుంది. వరి చేలోకి చేరితే పైరు దెబ్బతింటుంది.

ఇక సరుకు. షాపులో మూడు రకాలు చూపిస్తారు.

మొదటిది నేసిన లామినేటెడ్ షీటు, ఐఎస్ 15351 ముద్రతో వస్తుంది. చూడ్డానికి మందపాటి తార్పాలిన్. వాన నీటి కుంటకు, ఫారం పాండ్‌కు మంచి సరుకు, ధర తక్కువ, మడతపెట్టి ఆటోలో తెచ్చుకోవచ్చు. వేస్ట్ పిట్‌కు వద్దు. నేతకు పైన పూసిన పొర పలచన, అది లేచిపోతే నీరు నేత పోగుల వెంట పాకుతుంది. రెండోది చెరువులకు వేసే 500 మైక్రాన్ల నల్ల షీటు. రొయ్యలకు చాలు. కానీ ప్రపంచమంతా ప్రమాణంగా తీసుకునే జీఆర్ఐ జీఎం-13 పట్టిక మొదలయ్యేదే 750 మైక్రాన్ల దగ్గర. అర మిల్లీమీటరు షీటును వెడ్జ్ మెషిన్ (షీట్లను వేడితో అతికే యంత్రం) కాస్త నెమ్మదిస్తే కాల్చేస్తుంది, కాస్త తొందరపడితే అతకదు. మూడోది 1.5 మి.మీ. షీటు. పిట్ కోసం అయితే దీని గురించే మాట్లాడాలి. షాపులో స్టాకు ఉండదు, ఆర్డరు మీద తెప్పిస్తారు, ఆగాల్సిందే.

1.5 మి.మీ. అని రాసి ఉన్నదల్లా 1.5 కాదు. రోలు వెడల్పు పొడవునా పది చోట్ల మైక్రోమీటరు పెట్టండి. సగటు 1.5 రావాలి, ఏ ఒక్క చోటా 1.35కి తగ్గకూడదు. తర్వాత 10 సెం.మీ. చదరం ముక్క కోసి నగల తూకం మీద వేయండి: 14 గ్రాముల పైచిలుకు రావాలి. మందం సరిగ్గా ఉండి బరువు 16, 17 గ్రాములు తూగితే సంతోషించకండి, అది సుద్ద కలిసిన సరుకు. అదే ముక్కను బకెట్ నీళ్లలో ముంచి గాలి బుడగలు తుడిచి వదిలితే మంచి హెచ్‌డీపీఈ తేలుతుంది, సుద్ద ఎక్కువైనది మునుగుతుంది. అందుకే కిలో లెక్కన రేటు మాట్లాడే షాపు దగ్గర జాగ్రత్త. సుద్ద చవక, బరువెక్కువ. చదరపు మీటరు లెక్కనే బేరం చేయండి.

కంటికి కనపడని గుణాలకు కాగితమే ఆధారం. రోలు మీది నంబరూ టెస్టు సర్టిఫికెట్‌లోని నంబరూ ఒకటి కావాలి. షాపువాళ్లు వాట్సాప్‌లో పంపే సర్టిఫికెట్ చాలాసార్లు పాత బ్యాచ్‌ది, లోగో బాగుందని ఊరుకోవద్దు. చూడాల్సిన గళ్లు: కార్బన్ బ్లాక్ (ఎండకు పాడవకుండా కలిపే నల్లపొడి) 2 నుంచి 3 శాతం, ఓఐటీ (పరీక్ష వేడిలో షీటు పాడవకుండా ఆగే సమయం) కనీసం 100 నిమిషాలు, స్ట్రెస్ క్రాక్ (లాగి ఉంచితే చీలకుండా ఆగే సమయం) కనీసం 500 గంటలు, పంక్చర్ బలం 480 న్యూటన్లు. వీటిలో ఎక్కువమంది వదిలేసేది స్ట్రెస్ క్రాక్. అది తక్కువున్న షీటు కొత్తలో లాగితే రబ్బరులా సాగుతుంది, రెండు మూడేళ్లకు మడత పడిన చోట గాజులా చీలుతుంది. పాత ప్లాస్టిక్ కరిగించి కలిపిన షీట్లలో ఈ సంఖ్య పడిపోతుంది.

ముఠా పని దగ్గరికి వద్దాం. రివ్యూలో మార్కులు పోయేది ఇక్కడే.

చెరువు ముఠా చేతి నేర్పును తక్కువ చేయలేం. ఎకరం చెరువుకు షీటు పరచడం, గాలికి లేవకుండా ఇసుక బస్తాలు పెట్టడం, ఏటవాలు మీద నిలువునా పట్టీలు దింపడం, ఇవన్నీ బాగా వచ్చు. వెడ్జ్ మెషిన్ రెండు సమాంతర గీతలుగా అతుకుతుంది, మధ్యలో వేలంత సందు మిగులుతుంది. ఆ సందే మొత్తం నాణ్యతకు తాళంచెవి, దాన్ని వాడేవాళ్లు అరుదు. జాయింటు రెండు కొసలూ మూసి, ఒక కొసన సూది గుచ్చి పంపుతో సుమారు 2 బార్ల గాలి ఎక్కించి, మీటరు ముల్లు నిలబడ్డాక 5 నిమిషాలు చూడాలి. 1.5 మి.మీ. షీటుకు 0.2 బార్ మించి పడితే ఆ జాయింటు ఫెయిల్. ముల్లు నిలిచిందని సంబరపడేలోపు ఇంకో పని ఉంది: రెండో కొసను కోసి గాలి బుస్సుమని వచ్చిందో లేదో చూడాలి. రాకపోతే మధ్యలో ఎక్కడో సందు మూసుకుపోయింది, మీరు పరీక్షించింది సగం జాయింటునే. చెరువు పనుల్లో ఈ కోత కోయరు. కోస్తే మళ్లీ అతుకు వేయాలి కదా అంటారు. నిజమే, వేయాలి, ఆ ఖర్చు కొటేషన్‌లోనే రాయించండి.

పొద్దున పని మొదలెట్టే ముందు, భోజనాల తర్వాత, కరెంటు పోయి వచ్చాక, ప్రతిసారీ చిన్న ముక్కల మీద ట్రయల్ జాయింటు వేసి 25 మి.మీ. పట్టీలు కోసి లాగి చూడాలి. విప్పదీసినట్టు లాగితే, అంటే పీల్‌లో, దాదాపు 398 న్యూటన్లు, అడ్డంగా లాగితే 525 న్యూటన్లు తట్టుకోవాలి. మామూలు భాషలో 40 కిలోలు, 53 కిలోలు. అంకె ఒక్కటే చాలదు. జాయింటు విడిపోకూడదు, దాని పక్కన షీటు చిరగాలి. పని నడుస్తుండగా ప్రతి 150 మీటర్ల జాయింటుకు ఒక చోట నమూనా కోసి ల్యాబుకు పంపాలి.

జాయింట్లు చెడేది ఎందుకంటే, ఎక్కువసార్లు జనరేటరు వల్ల. ఒకే చిన్న జనరేటరు మీద వెడ్జ్ మెషినూ గ్రైండరూ పెడతారు. గ్రైండరు ఆన్ చేయగానే వోల్టేజి పడుతుంది, 400 డిగ్రీల దాకా ఉన్న వెడ్జ్ చల్లబడుతుంది, మెషిన్ మాత్రం నిమిషానికి రెండు మీటర్ల చొప్పున నడుస్తూనే ఉంటుంది. పైకి జాయింటు అందంగా కనిపిస్తుంది, చేత్తో లాగితే జిప్పులా విడిపోతుంది. వెడ్జ్‌కు విడి జనరేటరు అడగండి. రెండో కారణం తేమ. డెల్టాలో తెల్లవారి షీటు మీద మంచు కారుతుంటుంది, తుడవకుండా అతికితే లోపల ఆవిరి బుడగలు. పోనీ ఎండెక్కాక చేద్దామంటే నల్ల షీటు మధ్యాహ్నానికి 65 డిగ్రీలు దాటుతుంది, 50 మీటర్ల పట్టీ ఒక అడుగు పొడవు దాకా సాగి అలలు లేస్తాయి. సాయంత్రానికి అదే పట్టీ ముడుచుకుని ఏటవాలు అడుగున నేలను వదిలి తీగలా బిగుస్తుంది. మంచు ఆరాక పదిన్నర దాకా, మళ్లీ నాలుగు తర్వాత: పని వేళలు ఇవీ. రోజుకింత విస్తీర్ణం అని గుత్తకు మాట్లాడుకుంటే ఈ వేళలు ఎవరూ పాటించరు.

మూడు పట్టీలు కలిసే మూలల్లో వెడ్జ్ పనికిరాదు, ఎక్స్‌ట్రూజన్ గన్నుతో కడ్డీ కరిగించి అతుకు వేస్తారు. అంతకుముందు పైపొర గీకాలి, మందంలో పదో వంతు మించకుండా, గీకిన గంటలోపే అతకాలి. అక్కడ గాలి పరీక్ష కుదరదు, సబ్బు నీళ్లు పోసి, గాలి లాగేసే వాక్యూమ్ పెట్టె పెట్టి బుడగలొస్తాయేమో చూడాలి. చెరువు ముఠాల దగ్గర వాక్యూమ్ పెట్టె ఉండటం తక్కువ, ఉందని చెప్తే తెచ్చి చూపించమనండి. ఇంకో అలవాటు: చెరువు మధ్యలో డ్రెయిన్ పైపుకు షీటు కోయడం. పిట్ అడుగున ఒక్క కన్నం కూడా వద్దు. బురదలోంచి దిగిన నీరు తోడటానికి ఒక మూల సంపు వదిలి, ఏటవాలు మీదుగా పైపు వేసి పైనుంచే మోటారు దించాలి. యాంకర్ కాలువ (షీటు అంచును పూడ్చే కాలువ) కూడా చెరువుకు తవ్వినట్టు అడుగు లోతు చాలదు. గట్టు అంచుకు మీటరు వెనక, 60 సెం.మీ. వెడల్పు, 60 నుంచి 90 సెం.మీ. లోతు ఉండాలి. ఏటవాలు మీటరు ఎత్తుకు 2.5 మీటర్ల అడ్డం కంటే నిటారుగా వద్దు.

నేల విషయం కొటేషన్‌లో అసలు ఉండదు. "నేల తయారీ పార్టీదే" అని ఒక లైను ఉంటుంది. డెల్టాలో సగం ముప్పు ఆ లైనులోనే ఉంది.

షీటులో ఒక చదరపు సెంటీమీటరు చిల్లు పడిందనుకోండి, దాని మీద మీటరు ఎత్తు నీరుంది. కింద నీటిని ఏమాత్రం ఆపని ముతక కంకర అయితే లెక్క ప్రకారం రోజుకు దాదాపు 23 వేల లీటర్లు పోతాయి. కింద బాగా దట్టించిన బంకమట్టి, అంటే సెకనుకు సెంటీమీటరులో కోటో వంతు మాత్రమే నీరు పారనిచ్చేది ఉండి, షీటు దానికి అంటుకుని ఉంటే, అదే చిల్లులోంచి రోజుకు రెండు లీటర్లు కూడా పోవు. షీటు ముడతలు పడి మట్టిని తాకకపోతే ఎనిమిది తొమ్మిది లీటర్లు. చిల్లు ఒక్కటే, తేడా అంతా కింద ఉన్నదానిది. ప్రమాదకర వ్యర్థాల ల్యాండ్‌ఫిల్‌కు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 1.5 మి.మీ. షీటు కింద 1.5 మీటర్ల బంకమట్టి అడిగేది ఇందుకే. మన నల్లమట్టి దీనికి వరమే, 15 సెం.మీ. పొరలుగా తడిపి షీప్‌ఫుట్ (గిట్టల్లాంటి పళ్లున్న) రోలర్ తిప్పితే. జేసీబీ బకెట్‌తో తట్టడాన్ని దట్టించడం అనరు. పరిచాక ఎండకు వదిలేస్తే పగుళ్లిస్తుంది, ఆ రోజే షీటు కప్పాలి. సముద్రం వైపు ఇసుక మెరకల మీదైతే బంకమట్టి బయటినుంచి తోలించాల్సిందే. చేలో కడితే వరి దుబ్బులు, నత్తగుల్లలు, కొబ్బరి వేర్లు ఏరించండి. షీటు కింద చదరపు మీటరుకు 300 నుంచి 400 గ్రాముల జియోటెక్స్‌టైల్ (దళసరి గుడ్డ) మెత్త వేయాలని చెరువు ముఠాలు చెప్పవు. అయితే బంకమట్టి మీద దాన్ని వేస్తే షీటుకూ మట్టికీ మధ్య నీరు పాకే దారి అవుతుంది. మట్టి నున్నగా ఉంటే ఆ గుడ్డను షీటు పైన, బురద నీరు సంపుకి దిగేందుకు పరిచే కంకర కింద వేయండి.

ఇక నేలలోని ఊట. కాలువలు నడుస్తున్నన్నాళ్లూ డెల్టాలో చాలా చోట్ల మీటరు తవ్వితే నీరు. సాధారణంగా ఏప్రిల్ మధ్య నుంచి మే చివర దాకా కాలువలు కట్టేస్తారు, ఊట దిగుతుంది, తవ్విన గొయ్యి పొడిగా కనిపిస్తుంది. అందరూ అప్పుడే షీటు వేస్తారు, అది సరైన కాలమే. జూన్‌లో సార్వాకి (ఖరీఫ్ పంటకు) నీరు వదులుతారు, పిట్ ఇంకా ఖాళీగా ఉంటుంది. బయట ఊట మట్టం పిట్ అడుగు కంటే మీటరు పైకి వస్తే షీటును చదరపు మీటరుకు టన్ను బలంతో కిందినుంచి తోస్తుంది. షీటు బరువు ఎంత? 1.4 కిలోలు. తిమింగలం వీపులా నీళ్లలోంచి లేస్తుంది, జాయింట్లు సాగుతాయి, యాంకర్ కాలువ పెళ్లగిల్లుతుంది. అణచాలంటే కనీసం 60 సెం.మీ. తడి మట్టి బరువు వేయాలి. లేదా షీటు కింద కన్నాల పైపులు, కంకరతో అడుగు డ్రెయిన్ వేసి, పిట్ నిండేదాకా మోటారు తిప్పుతూ ఉండాలి. అన్నిటికన్నా తేలిక, నేలలోకి తవ్వకుండా నేల మీద గట్టు పోసి కట్టడం. దుబ్బులూ ఎరువూ కుళ్లే చేనైతే కింద గ్యాసు కూడా పుడుతుంది, ఏటవాలు పైఅంచున గాలి గొట్టాలు వదలండి.

గట్టు పోస్తే గట్టు తెగే ముప్పు వస్తుంది కదా అంటే వస్తుంది. లైనర్ గట్టును నిలబెట్టదు. దక్షిణాఫ్రికా మెరీస్‌ప్రూట్‌లో 1994 ఫిబ్రవరి 22న భారీ వానకు టెయిలింగ్స్ కట్ట పొంగి తెగి 17 మంది చనిపోయారు. నీటికీ గట్టు తలకీ మధ్య ఖాళీ లేకపోవడమే కారణం. బ్రెజిల్ బ్రుమాజిన్యోలో 2019 జనవరి 25న 2016 నుంచి బురద పోయని కట్ట కూలి 270 మంది పోయారు. మన పిట్ ఆ కొలతలకు గోరంత కూడా కాదు, సూత్రం మాత్రం వర్తిస్తుంది: లోపల నిలిచే నీరే శత్రువు. 40 మీటర్లకు 30 మీటర్ల పిట్‌లో తుపాను రోజున 200 మి.మీ. వాన పడితే 240 ఘనపు మీటర్లు, అంటే 10 వేల లీటర్ల ట్యాంకర్లు 24. ఆ రోజు రోడ్డు మీద ట్యాంకరు తిరగదు. బురద మట్టానికీ గట్టు తలకీ మధ్య ముప్పావు మీటరైనా అక్టోబరు, నవంబరు నెలలకు ఖాళీ ఉంచండి. బయటివైపు గట్టుకు ఎండ్రకాయల బొరియలు, పందికొక్కుల కన్నాలు వారానికోసారి చూసి పూడ్చండి. షీటు వేశాక లోపలినుంచి అవి కనపడవు.

పిట్ కారుతోందో లేదో తెలుసుకునేందుకు, నేలలోని ఊట నీరు తీసి చూసే పరిశీలన గొట్టాలు వేస్తారు. పుస్తకాల్లో ఊట పారే దిక్కున మూడు, ఎగువన ఒకటి అని ఉంటుంది. డెల్టాలో వాలు దాదాపు శూన్యం. కాలువ నడిచినప్పుడు ఊట ఒక వైపు, కట్టేసినప్పుడు మురుగు డ్రెయిన్ వైపు తిరుగుతుంది. నాలుగు వైపులా ఒక్కొక్కటి వేయండి. బురద పోయకముందే, కాలువలు ఉన్నప్పుడూ లేనప్పుడూ ఒక్కోసారి ఈసీ (నీటి ఉప్పదనం తెలిపే కొలత) రీడింగ్ రాసి పెట్టుకోండి. పెన్ను లాంటి ఈసీ మీటరు చాలు, రొయ్యల రైతుల దగ్గర ఎలాగూ ఉంటుంది. మొదటి రీడింగ్ లేకపోతే తర్వాత వచ్చే ఏ రీడింగ్‌కీ అర్థం లేదు. "మీ పిట్ వల్లే ఉప్పయింది" అనే రైతుకూ, "ముందునుంచే ఉప్పు" అనే కాంట్రాక్టరుకూ మధ్య సాక్ష్యం ఆ కాగితమే.

కొటేషన్‌లో లేకపోయినా అడిగి రాయించాల్సినవి ఇంకొన్ని. ఏ రోలు ఎక్కడ పరిచారో, ఏ జాయింటు ఎప్పుడు ఎవరు ఏ వేడిలో వేశారో చూపే పటం. పరీక్షల రిజిస్టరు. నింపే ముందు విద్యుత్తుతో చిల్లులు వెతికే సర్వే. ఇది స్థానిక ముఠాలు చేయవు, బయటి సంస్థను పిలవాలి, కంకర పరిచేటప్పుడు పడిన చిల్లులు దీనికే దొరుకుతాయి. పరీక్షలు చూసే ఇంజనీరు ముఠా మనిషి కాకుండా మీ మనిషై ఉండాలి, సంతకం అతనిదే. పెద్ద గనుల టెయిలింగ్స్ కోసం 2020 ఆగస్టులో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం కూడా కట్టకు బాధ్యుడైన ఇంజనీరును పేరుతో నియమించమంటుంది. చిన్న పిట్‌కు అంత తతంగం అక్కర్లేదు గానీ ఒక పేరైనా ఉండాలి.

షాపులిచ్చే గ్యారంటీ కాగితాలు షీటుకే, జాయింట్లకు కాదు, ఉప్పెక్కిన ఊటకు అసలే కాదు. చిన్న అక్షరాలు చదవండి. బిల్లులో పదో వంతు ఆపి పెట్టండి. ఆపేది పని ముగిసిన తేదీ నుంచి లెక్కగట్టి కాదు. జూన్‌లో కాలువలు వదిలి, ఊట పైకొచ్చి, షీటు లేవకుండా, సంపులో నీరు పెరగకుండా ఒక నెల గడిచేదాకా. ఈ షరతుకు ఒప్పుకునే ముఠా అయితే రేటు కాస్త ఎక్కువైనా ఇచ్చుకోవచ్చు.